ఓటర్ కార్డు చేతిలో ఉంది, జాబితాలో అమ్మ పేరు లేదు. ఏం చేయాలి?

కొమ్మమూరు కాలువ | ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లెటూరు. నేను పదిహేనేళ్లుగా హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్నాను, నా ఓటు కూడా ఇక్కడే. అమ్మ మాత్రం ఊళ్లోనే ఉంటుంది, వయసు 68. 2023లో కంటి శుక్లాల ఆపరేషన్ కోసం నా దగ్గరికి వచ్చింది. ఒక కన్ను అయ్యాక రెండోది, మధ్యలో చుక్కల మందు, చెకప్‌లు... అలా ఐదు నెలలు ఇక్కడే ఉండిపోయింది. తర్వాత మళ్లీ ఊరికి వెళ్లిపోయింది.

2024 మే 13న ఓటు వేద్దామని పొద్దున్నే బడి దగ్గరికి వెళ్లింది. ఎండలో గంటన్నర లైన్లో నిలబడింది. లోపల జాబితా చూసే ఆయన పేజీ మీద వేలు పెట్టి పైనుంచి కిందికి రెండుసార్లు వెతికి, "మీ పేరు లేదమ్మా" అన్నాడట. అమ్మ కార్డు ముందుకు జరిపి, "ఇదిగో బాబూ, నా ఫొటో" అంది. "కార్డు ఉంటే సరిపోదమ్మా, జాబితాలో ఉండాలి" అన్నాడు. పెళ్లయి ఆ ఊరు వచ్చిన దగ్గర్నుంచి ప్రతి ఎన్నికకూ ఆ బళ్లోనే ఓటు వేసింది అమ్మ. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు.

ఇంకో సంగతి చెప్పాలి. నాన్నగారు 2022లో కాలం చేశారు. ఆయన పేరు మాత్రం జాబితాలో ఉంది.

పంచాయతీ ఎన్నికలకైనా అమ్మ ఓటు తిరిగి రావాలి. వివరాలు సరిచేయడానికి ఫారం 8 పెట్టాలా, కొత్తగా ఫారం 6 పెట్టాలా? పాత కార్డు పనికొస్తుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

---

చాక్‌పీసు మాస్టారు | ఆదివారం, రాత్రి 10:25

బాబూ, అమ్మగారి సంగతి చదివి చాలా బాధేసింది. నేను ముప్పై ఏళ్లు బడిలో పనిచేశాను. అందులో కొన్నేళ్లు బీఎల్వోగా (ఒక బూత్ ఓటర్ల జాబితా చూసుకునే బూత్ స్థాయి అధికారి), ఎన్నో ఎన్నికల్లో పోలింగ్ అధికారిగా చేశాను. మీ అమ్మగారిలా కార్డు పట్టుకుని నిలబడ్డవాళ్లను వెనక్కి పంపాల్సి వచ్చిన రోజులు నాకూ ఉన్నాయి. ఆ ముఖాలు మరచిపోలేను.

ముందు ఒక మాట అందరూ గుర్తుపెట్టుకోవాలి. కార్డు అనేది మనమెవరో చూపించే గుర్తింపు మాత్రమే. ఓటు ఉండేది జాబితాలో. పేరు జాబితాలో ఉండి కార్డు పోయినా ఓటు వేయవచ్చు. ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు, ఫొటో ఉన్న బ్యాంకు లేదా పోస్టాఫీసు పాసుపుస్తకం, ఉపాధి హామీ జాబ్ కార్డు లాంటివి చూపిస్తే చాలు. పేరు లేకపోతే మాత్రం కార్డు ఎంత కొత్తదైనా పని జరగదు.

ఫారాల సంగతి చెబుతాను. జాబితాలో పేరు ఉన్నవాళ్లకే ఫారం 8. చిరునామా మారినా, పేరు తప్పు పడినా, కార్డు పోయినా, దివ్యాంగులని నమోదు చేయించుకోవాలన్నా అదొక్కటే. 2022 ఆగస్టు నుంచి ఈ పనులన్నీ ఒకే ఫారంలోకి తెచ్చారు. మీ అమ్మగారి పేరు పూర్తిగా పోయింది కాబట్టి ఆమెకు ఫారం 6 పెట్టాలి. పేరు తీసేయమని అడిగేది ఫారం 7. అమ్మగారి పేరు మీద ఎవరో ఫారం 7 పెట్టి ఉండాలి, లేదా ఇంటింటి పరిశీలనలో "ఇక్కడ లేరు" అని రాసి ఉండాలి.

ముందు పాత జాబితా తీసి, ఎందుకు తీసేశారో చూడండి. రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారి వెబ్‌సైటులో మీ బూత్ పీడీఎఫ్ దొరుకుతుంది.

---

అంగన్‌వాడీ అక్క | సోమవారం, ఉదయం 6:15

మాస్టారు చెప్పింది సరైన మాట. నేను ప్రస్తుతం బీఎల్వోగా చేస్తున్నాను, తెలంగాణలో. మా వైపు నుంచి ఏం జరుగుతుందో చెబుతాను. తప్పు కప్పిపుచ్చాలని కాదు, ఎక్కడ తప్పు జరుగుతుందో తెలిస్తే జాగ్రత్త పడతారని.

నా బూత్‌లో వెయ్యికి పైగా ఓటర్లు. పొద్దున కేంద్రంలో పిల్లలకు గుడ్డు, పాలు, బరువులు, రిజిస్టర్లు. సాయంత్రం ఇంటింటికీ. చాలా ఇళ్లకు తాళాలు ఉంటాయి. ఒకసారి వెళ్తాం, రెండోసారి వెళ్తాం. పక్కింటివాళ్లను అడిగితే "ఆమె కొడుకు దగ్గరికి పోయింది" అంటారు. పోయింది అంటే ఉండిపోయిందో, చూసొస్తానని పోయిందో మాకెట్లా తెలుస్తుంది? అక్కడే పొరపాటు జరుగుతుంది. పక్కింటి మాట మీద "ఊరు మారారు" అని రాసేస్తే ఒక మనిషి ఓటు పోతుంది. అలా రాయకూడదు, నోటీసు ఇవ్వాలి, వాళ్ల మాట వినాలి. నేను ఫోన్ నంబరు లేకుండా ఎవరి పేరూ తీసేయమని పైకి పంపను. అయినా ఫోన్ చేస్తే తెలియని నంబరని ఎత్తరు. అందుకే అందరినీ వేడుకుంటున్నాను, మీ బీఎల్వో నంబరు సేవ్ చేసుకోండి.

అన్నా, మీ అమ్మగారు ఊరి నుంచి వచ్చేటప్పుడు పక్కింటివాళ్లకు ఏం చెప్పి వచ్చారో ఒకసారి అడగండి.

---

కొమ్మమూరు కాలువ | సోమవారం, రాత్రి 8:50

అక్కా, మాస్టారూ, మీ ఇద్దరికీ దండాలు.

పీడీఎఫ్ దొరికింది. గంటసేపు వెతికాను. అమ్మ పేరున్న గడి మీద ఏటవాలుగా తొలగించినట్టు ముద్ర ఉంది. క్రమసంఖ్య దగ్గర ఇంగ్లీషు అక్షరం "ఎస్" అని ఉంది. దాని పక్కగడిలోనే నాన్నగారు. ఆయన గడి శుభ్రంగా ఉంది, ఏ ముద్రా లేదు. ఆ రెండు గడులూ పక్కపక్కన చూసి కాసేపు ఏమీ తోచలేదు.

అక్క అడిగినట్టే అమ్మకు ఫోన్ చేశాను. "కళ్ల ఆపరేషన్ అయ్యేదాకా అబ్బాయి దగ్గరే ఉంటాను, ఇల్లు చూస్తుండు అని తాళం ఇచ్చి వచ్చాను" అంది. అంతే చెప్పిందట.

---

చాక్‌పీసు మాస్టారు | సోమవారం, రాత్రి 9:30

"ఎస్" అంటే ఇంగ్లీషులో షిఫ్టెడ్, నివాసం మారారని. మరణిస్తే "ఈ", పేరు రెండుసార్లు ఉంటే "ఆర్", మనిషి జాడ లేకపోతే "ఎమ్" అని గుర్తులు ఉంటాయి.

ఇది చట్టం ప్రకారం తప్పే. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది: సాధారణంగా నివసించే చోటు నుంచి కొన్నాళ్లు తాత్కాలికంగా దూరంగా ఉన్నంత మాత్రాన అక్కడి నివాసి కాకుండా పోరు. కళ్ల ఆపరేషన్‌కు ఐదు నెలలు కొడుకు దగ్గర ఉండటం సరిగ్గా అలాంటిదే. అదే సెక్షన్‌లో ఇంకో మాట కూడా ఉంది, ఇది మనలో చాలామందికి నచ్చదు: ఊళ్లో సొంత ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడ నివసిస్తున్నట్టు కాదు.

తొలగింపు మీద పదిహేను రోజుల్లోగా కలెక్టర్‌కు అప్పీలు చేసుకోవచ్చు. అక్కడా న్యాయం జరగకపోతే ముప్పై రోజుల్లోగా రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారికి. మీ విషయంలో ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. అందుకని ఫారం 6 వేయడమే దగ్గరి దారి. అప్పీలు వెంట తిరుగుతూ కూర్చుంటే ఎన్నికలు వచ్చేస్తాయి.

పంచాయతీ ఎన్నికలు నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం, కేంద్ర ఎన్నికల సంఘం కాదు. కానీ వార్డులవారీ జాబితాకు ఆధారం అసెంబ్లీ ఓటర్ల జాబితానే. కాబట్టి అందులో పేరు ఎక్కితేనే ఇందులోకి వస్తుంది. నోటిఫికేషన్ దాకా ఆగొద్దు.

---

పెన్నా ఒడ్డు | సోమవారం, రాత్రి 10:05

మాది నెల్లూరు. మా పెద్దమ్మకూ ఇదే జరగబోయింది, కానీ ఆమె ఊరు కదిలి ఎక్కడికీ వెళ్లలేదు. 2019 ఎన్నికలకు ముందు మన రాష్ట్రంలో ఆన్‌లైన్లో ఫారం 7లు లక్షల్లో వచ్చి పడ్డ సంగతి గుర్తుండే ఉంటుంది. తప్పుడువి పెట్టినవాళ్ల మీద పోలీసు కేసులు కూడా నమోదయ్యాయి. మా వీధిలో బతికున్నవాళ్ల పేర్ల మీద కూడా అవి వచ్చాయి. విచారణకు వచ్చిన ఆయనతో పెద్దమ్మ "నేనే, బతికే ఉన్నాను, చూడు నాయనా" అని చెప్పుకోవాల్సి వచ్చింది. పెద్దమ్మ ఓటు నిలబడింది, ఎందుకంటే ఆ రోజు ఇంట్లో ఉంది. లేకపోతే ఏమయ్యేదో.

అందుకే మా ఇంట్లో ఒక అలవాటు పెట్టుకున్నాం. జనవరిలో తుది జాబితా రాగానే ఇంటిల్లిపాది పేర్లు ఒకసారి చూసుకుంటాం. రెండు నిమిషాల పని. ఎన్నికల సంఘం వెబ్‌సైటులో ఎపిక్ నంబరు (ఓటర్ కార్డు మీద ఉండే నంబరు) కొడితే పేరు, పార్ట్ నంబరు, క్రమసంఖ్య, బూత్ అన్నీ వస్తాయి. ఫోన్ వాడకం రానివాళ్లు 1950 నంబరుకు కాల్ చేసి అడగవచ్చు.

---

మియాపూర్ మెట్రో | మంగళవారం, మధ్యాహ్నం 1:20

నా సమస్య ఇక్కడే అడుగుతాను, దగ్గరగా ఉంది కాబట్టి. మేం అద్దె ఇంట్లో ఉంటాం. 11 నెలలకోసారి ఇల్లు మారక తప్పడం లేదు. ఓటు ఇంకా రాజమండ్రిలోనే ఉంది. హైదరాబాద్‌కు మార్చుకుందామని ఫారం 8 పెడితే అద్దె ఒప్పందం చెల్లదన్నారు. ఇంటి ఓనర్‌ను అడిగితే ఆయన చేసిచ్చేది నోటరీదే. నిజం చెప్పాలంటే మనసులో కూడా ఎటూ తేలడం లేదు. మా నాన్న "ఓటు ఊళ్లో ఉంటేనే ఊరితో సంబంధం ఉన్నట్టు" అంటారు.

---

వరంగల్ కాకతీయ | మంగళవారం, మధ్యాహ్నం 2:10

అద్దె ఒప్పందం రిజిస్టర్ అయి ఉంటేనే తీసుకుంటారు, అది నిజం. కానీ అదొక్కటే దారి కాదు. కనీసం ఏడాది నాటి గ్యాస్ బిల్లు, బ్యాంకు లేదా పోస్టాఫీసు పాసుపుస్తకం, ఆధార్, పాస్‌పోర్టు, వీటిలో ఏదైనా కొత్త చిరునామాతో ఉంటే సరిపోతుంది. నేను ముందు గ్యాస్ కనెక్షన్ అడ్రస్ మార్పించుకున్నాను, దాంతో బ్యాంకులో మార్పించాను, ఆ పాసుపుస్తకంతో ఫారం 8 పెట్టాను. మూడు వారాల్లో అయిపోయింది. ఎపిక్ నంబరు మారదు, పాతదే ఉంటుంది. కొత్త చిరునామాతో కార్డు వస్తుంది.

ఒక జాగ్రత్త. కొత్త చోట ఫారం 6 మాత్రం పెట్టొద్దు. అలా చేస్తే రెండు చోట్ల పేరు ఉండిపోతుంది. చాలామంది తెలియక అదే చేస్తున్నారు.

---

మియాపూర్ మెట్రో | మంగళవారం, మధ్యాహ్నం 2:30

రెండు చోట్ల ఉంటే ఏమవుతుంది అన్నా? మా ఆఫీసులో చాలామందికి ఇక్కడొకటి, ఊళ్లో ఒకటి ఉన్నాయి. బస్సులు పెట్టుకుని మరీ వెళ్లొస్తారు.

---

చాక్‌పీసు మాస్టారు | మంగళవారం, సాయంత్రం 6:40

నేను చెబుతాను. ఒకటి కంటే ఎక్కువ నియోజకవర్గాల్లో పేరు ఉండకూడదని అదే చట్టం 17వ సెక్షన్, ఒకే నియోజకవర్గంలో రెండుసార్లు ఉండకూడదని 18వ సెక్షన్ చెబుతున్నాయి. ఫారంలో "మరెక్కడా నా పేరు లేదు" అని సంతకం పెడతాం కదా, అది అబద్ధమని తేలితే 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అందరూ చేస్తున్నారని అది ఒప్పు అయిపోదమ్మా. ఒక మనిషికి ఒకే ఓటు అని నమ్మి, కూలి మానుకుని లైన్లో నిలబడ్డవాడికి మనం చేసే అన్యాయం అది.

ఇక ఊరా, పట్నమా అన్నది. మీ నాన్నగారి మాటలో ప్రేమ ఉంది, కాదనను. కానీ మీ పిల్లల బడి, మీ వీధి డ్రైనేజీ, మీకు నీళ్లు వచ్చే పైపు, ఇవన్నీ ఎక్కడ ఉన్నాయో మీ ఓటు కూడా అక్కడే ఉండాలి. ఊరితో సంబంధం పండక్కి వెళ్లినా ఉంటుంది.

---

జగిత్యాల నుంచి | మంగళవారం, రాత్రి 11:15

మాస్టారు గారూ, మరి గల్ఫ్‌లో ఉన్నోళ్ల సంగతి? మా అన్న దుబాయ్‌లో పన్నెండేళ్ల నుంచి ఉన్నాడు. మా వాడకట్టులో ఇంటికొకరు అక్కడే. వాళ్ల పేర్లన్నీ "ఊరు మారారు" అని తీసేశారు. వాళ్లు మారింది బతకడానికి, ఇల్లు పిల్లలు ఇక్కడే కదా.

---

షార్జా నుంచి ఒకడు | బుధవారం, ఉదయం 7:50

తమ్ముడూ, దీనికి నేను చెబుతాను, నేను చేయించుకున్నాను కాబట్టి.

విదేశాల్లో ఉన్న భారతీయుల కోసం 2010లో చట్టం మార్చి 20ఏ సెక్షన్ చేర్చారు. దానికి ఫారం 6ఏ వేరుగా ఉంది. పాస్‌పోర్టులో ఏ ఊరి చిరునామా ఉందో ఆ నియోజకవర్గంలో ప్రవాస ఓటరుగా నమోదు చేస్తారు. ఫొటో, పాస్‌పోర్టు పేజీలు, వీసా పేజీ జతచేయాలి. వేరే దేశం పౌరసత్వం తీసుకున్నవాళ్లకు ఇది వర్తించదు. ప్రవాస ఓటర్లకు కార్డు ఇవ్వరు. పోలింగ్ రోజు సొంత బూత్‌కు వచ్చి ఒరిజినల్ పాస్‌పోర్టు చూపించి ఓటు వేయాలి.

కష్టం అక్కడే ఉంది. నాలుగు రోజుల సెలవు, టికెట్టు ఖర్చు ఎవరు భరిస్తారు? ఇన్నేళ్లలో నేను ఒక్కసారే రాగలిగాను, అది కూడా చెల్లెలి పెళ్లి అదే వారంలో పడింది కాబట్టి. ఇక్కడి కాన్సులేట్‌లోనే ఓటు వేసే ఏర్పాటు కావాలని మేం అడుగుతూనే ఉన్నాం. అయినా పేరు మాత్రం ఉంచుకోమని మా రూములో అందరికీ చెబుతాను. పేరుంటేనే కదా రేపు ఏర్పాటు చేసినా మనకు వర్తించేది.

---

భావనపాడు అల | బుధవారం, ఉదయం 9:05

మాది శ్రీకాకుళం తీరం. మా మత్స్యకారులు దేశం దాటరు గానీ ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్‌లో వెరావల్ వైపు బోట్ల మీద ఉంటారు. వాళ్లకు ఏ ఫారమూ లేదు. ఓటు ఊళ్లోనే ఉండాలి, ఉంటుంది కూడా. కానీ ఇంటింటి పరిశీలన వచ్చినప్పుడు మగాళ్లు ఇంట్లో ఉండరు. మా వీధిలో ఆడవాళ్లం ఒక పని చేస్తాం. ప్రతి ఇంట్లో వలస వెళ్లిన మనిషి ఆధార్ జిరాక్సు, ఫోన్ నంబరు ఒక కవర్లో పెట్టి ఉంచుతాం. బీఎల్వో రాగానే అక్కడే వీడియో కాల్ చేసి మాట్లాడిస్తాం. "వేట సీజన్ అయ్యాక వస్తాను" అని ఆయనే చెబుతాడు. పోయినసారి మా వీధిలో ఒక్క పేరూ పోలేదు.

---

అంగన్‌వాడీ అక్క | బుధవారం, ఉదయం 9:40

చెల్లీ, నీ పోస్టు మా బీఎల్వోల గ్రూపులో పెట్టాను. ఎంత మంచి పని చేస్తున్నారు మీరు.

---

చెన్నై తెలుగమ్మాయి | బుధవారం, మధ్యాహ్నం 12:30

తమిళనాడులో 2025 నవంబర్‌లో ప్రత్యేక సమగ్ర సవరణ (ఇంటింటికీ ఫారాలిచ్చి ఓటర్ల జాబితా మొత్తం మళ్లీ సరిచూడటం) మొదలైంది. యానాం పుదుచ్చేరిలో భాగం కాబట్టి అక్కడి తెలుగువాళ్లకు కూడా అదే సమయంలో జరిగింది. మాకు బీఎల్వో ఒక్కొక్కరికి రెండు ప్రతుల ఫారం ఇచ్చారు. ఒకటి నింపి ఇచ్చాం, రెండో దాని మీద ఆయన సంతకం చేయించుకుని మా దగ్గర ఉంచుకున్నాం. ఇరవై ఏళ్లకు ముందటి పాత జాబితాలో మన పేరో, అమ్మానాన్నల పేరో ఎక్కడుందో వెతికి రాయమన్నారు. మా నాన్న అప్పట్లో చిత్తూరు దగ్గర ఉండేవారు. ఆ పాత జాబితా తెలుగులో ఉంది. తెలుగు చదవడం రాని బీఎల్వోకు నేను చదివి చెప్పాను.

ఇంట్లో పెద్దవాళ్ల పాత ఓటర్ వివరాలు, ఏ ఊరు, ఏ బడి అన్నవి ఎక్కడైనా రాసి పెట్టుకోండి. మన రాష్ట్రాల్లోనూ అక్కరకు వస్తాయి.

---

ఇంటర్ సెకండియర్ | బుధవారం, సాయంత్రం 5:45

అందరికీ నమస్తే. నాకు ఆగస్టులో 18 నిండుతాయి. జనవరి దాకా ఆగాలని మా ఫ్రెండ్ అంటున్నాడు, నిజమేనా? నేను విశాఖలో హాస్టల్‌లో ఉంటాను, ఇల్లు పార్వతీపురం దగ్గర. ఎక్కడ పెట్టుకోవాలి?

---

చాక్‌పీసు మాస్టారు | బుధవారం, సాయంత్రం 6:30

శభాష్ నాయనా, అడగడమే మంచి పని. ఇదివరకు జనవరి 1 ఒక్కటే అర్హత తేదీగా ఉండేది. ఇప్పుడు ఏడాదికి నాలుగు ఉన్నాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1. నీకు అక్టోబర్ 1 వర్తిస్తుంది. 17 ఏళ్లు దాటితే ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చు, 18 నిండాక వచ్చే అర్హత తేదీకి పేరు ఎక్కుతుంది. పుట్టిన తేదీకి పదో తరగతి మెమో చాలు.

హాస్టల్‌లోనైనా, ఇంటి దగ్గరైనా నమోదు చేసుకోవచ్చు, కానీ ఒక్కచోటే. హాస్టల్ దగ్గరైతే కాలేజీ వాళ్ల ధ్రువపత్రం కావాలి. సెలవులకు ఇంటికి వెళ్లేవాడివైతే ఇంటి దగ్గరే పెట్టుకో, నాలుగేళ్లలో మూడు హాస్టళ్లు మారతావు.

నేను మొదటిసారి ఓటు వేసేనాటికి 21 ఏళ్లు నిండాలి. 61వ రాజ్యాంగ సవరణతో 1989లో అది 18కి తగ్గింది. ఆ ఏడాది బడిలో మా పదో తరగతి పిల్లలకు ఆ సంగతి చెప్పినప్పుడు వాళ్ల కళ్లలో వెలుగు ఇంకా గుర్తుంది.

---

మూడు చక్రాల బండి | బుధవారం, రాత్రి 8:15

మాస్టారు ఫారం 8 గురించి చెప్పినప్పుడు దివ్యాంగుల మాట కూడా అన్నారు, సంతోషం. నేను అది పెట్టుకున్నాక పోలింగ్ రోజు వీల్‌చైర్ సిద్ధంగా ఉంచారు. 40 శాతం వైకల్యం ఉన్నవాళ్లు, 85 ఏళ్లు దాటినవాళ్లు లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికల్లో ఇంటి దగ్గరే ఓటు వేయవచ్చు. దానికి నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లోగా ఫారం 12డి ఇవ్వాలి. నేను మాత్రం బూత్‌కే వెళ్తాను. నలుగురితో పాటు వెళ్లి వేలికి సిరా వేయించుకోవడం నాకు ఇష్టం.

---

కొమ్మమూరు కాలువ | శనివారం, రాత్రి 10:20

రెండు రోజులు సెలవు పెట్టి ఊరికి వచ్చాను. అమ్మ పక్కనే కూర్చుని ఫారం 6 నింపాను. ఒక చిన్న విషయం మీ అందరికీ పనికొస్తుందని రాస్తున్నాను.

పేరు ఇంగ్లీషులో టైపు చేస్తే తెలుగు గడిలో దానంతటదే పడుతుంది. అమ్మ పేరు పద్మావతి. తెరమీద "పడ్మవథి" అని వచ్చింది. నేను చూసుకోకుండా కిందికి వెళ్లిపోతున్నాను. అమ్మ కళ్లజోడు సర్దుకుని, "ఒరేయ్, ఆగు. ద బదులు డ పడింది, దీర్ఘం లేదు. అది నేను కాదు" అంది. కొత్త కళ్లు కదా, నాకంటే బాగా కనిపిస్తోంది. వెనక్కి వెళ్లి తెలుగు గడిలో మళ్లీ టైపు చేశాను. నాన్నగారి పేరూ అలాగే తప్పు పడింది, అదీ సరిచేశాం. ఇంటి నంబరు దగ్గర కూడా పాత జాబితాలో సున్నా అని ఉంది. ఈసారి పన్ను రసీదు చూసి సరిగా రాశాం.

సబ్మిట్ చేయగానే రిఫరెన్స్ నంబరు వచ్చింది, ఫోన్లో స్క్రీన్‌షాట్ తీశాను, కాగితం మీద రాసి గోడ క్యాలెండర్‌కు పిన్ను పెట్టాను.

ఒక సందేహం. ఆధార్ నంబరు ఇవ్వడం తప్పనిసరా?

---

వరంగల్ కాకతీయ | శనివారం, రాత్రి 10:50

తప్పనిసరి కాదు. ఎన్నికల సంఘమే 2023లో సుప్రీంకోర్టుకు ఆ మాట చెప్పింది. ఇచ్చినా నష్టం లేదని కొందరు ఇస్తారు, అది మీ ఇష్టం. లేదన్న కారణంతో దరఖాస్తు తిప్పి పంపకూడదు.

తెలుగు అక్షరాల సంగతి చెప్పి మంచి పని చేశారు. మా చెల్లెలి పేరు నాలుగేళ్లుగా జాబితాలో ఎవరో వేరే మనిషి పేరులా ఉంది, మేం ఇంగ్లీషు మాత్రమే చూశాం.

---

అంగన్‌వాడీ అక్క | ఆదివారం, ఉదయం 6:30

అన్నా, ఇప్పుడు బీఎల్వో ఇంటికి వస్తారు. అమ్మగారు ఇంట్లో ఉండేలా చూడండి. ఇంత వయసులో కొత్తగా ఎందుకని అడుగుతారు. పాత కార్డు, తొలగించిన పేజీ ప్రింటు చూపించండి. ఫారాల జాబితా నోటీసు బోర్డు మీద పెట్టి ఏడు రోజులు అభ్యంతరాల కోసం ఆగుతారు, ఆ తర్వాతే ఈఆర్వో (ఓటర్ల నమోదు అధికారి) ఆమోదం. ఎన్నికల సంఘం యాప్‌లో స్టేటస్ రోజూ చూడనక్కర్లేదు, వారానికోసారి చూస్తే చాలు.

మరి నాన్నగారి పేరు?

---

కొమ్మమూరు కాలువ | ఆదివారం, ఉదయం 8:10

అదే అడుగుదామనుకున్నాను అక్కా. ఫారం 7 నేను పెట్టొచ్చా?

---

చాక్‌పీసు మాస్టారు | ఆదివారం, ఉదయం 9:00

ఫారం 7 పెట్టేవాళ్లు అదే నియోజకవర్గంలో ఓటరై ఉండాలి. మీ ఓటు హైదరాబాద్‌లో ఉంది కాబట్టి మీరు పెట్టలేరు. మరణ ధ్రువపత్రం ఇస్తే బీఎల్వో తన పరిశీలనలో తీసుకోవచ్చు. లేదా అమ్మగారి పేరు ఎక్కాక ఆమే పెట్టవచ్చు.

పోయినవారి పేరు తీయించడం కష్టంగా ఉంటుంది. మా ఆవిడ పేరు తీయించడానికి నాకు ఏడాది పట్టింది, కాగితాలన్నీ ఉన్నా మనసు ఒప్పుకోక. కానీ ఆ పేరు అలా ఉండిపోతే, దాని మీద ఎవడో వచ్చి ఓటు వేసే వీలుంటుంది. ఆవిడ పేరు మీద ఇంకొకరు వేలికి సిరా పూయించుకోవడం నేను సహించలేను. అదే ఆలోచించి చివరికి ఇచ్చేశాను.

---

కొమ్మమూరు కాలువ | నెల రోజుల తర్వాత, శుక్రవారం, రాత్రి 9:15

వచ్చింది! అమ్మ పేరు జాబితాలోకి వచ్చింది.

బీఎల్వో ఇంటికి వచ్చి అమ్మతో పావుగంట మాట్లాడారట. పాత కార్డు, పీడీఎఫ్ పేజీ రెండూ చూసి, "పొరపాటు జరిగిందమ్మా" అన్నారు. ఆ మాట అన్నందుకే అమ్మ సగం శాంతించింది, ఆయనకు కాఫీ పెట్టి ఇచ్చింది. ఎపిక్ నంబరు కొత్తది ఇచ్చారు, కార్డు పోస్టులో వస్తుందన్నారు.

వివరాలు ఫోన్లో చదివి వినిపించాను. కొత్తగా చేర్చిన పేర్లు జాబితా చివర్లో వస్తాయి కదా, అమ్మ క్రమసంఖ్య ఎక్కడో ఆఖర్న ఉంది. "మీ నాన్న పక్కన లేదా?" అని అడిగింది. లేదమ్మా అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఇప్పుడు నేను ఓటరునే కదా, ఆయన కాగితం నేను పెట్టొచ్చుగా?" అంది.

మాస్టారు రాసింది ఆ రోజే చదివి వినిపించాను. గుర్తుపెట్టుకుంది.

---

అంగన్‌వాడీ అక్క | శుక్రవారం, రాత్రి 9:40

చాలా సంతోషం అన్నా. ఫారం 7తో పాటు మరణ ధ్రువపత్రం జిరాక్సు జతచేయండి. చేతితో ఇస్తే కింద ఉండే రసీదు ముక్క తప్పకుండా చించి ఇవ్వమనండి.

---

కొమ్మమూరు కాలువ | ఆదివారం, సాయంత్రం 4:30

నిన్న ఇచ్చేశాం అక్కా. సంతకం పెట్టేటప్పుడు అమ్మ చెయ్యి వణికింది, కాసేపు ఆగి మళ్లీ పెట్టింది. రసీదు తీసుకున్నాం. నాన్నగారి పాత ఓటర్ కార్డు ఉన్న ప్లాస్టిక్ కవర్లోనే దాన్ని పెట్టి, బీరువాలో తన పట్టుచీరల కింద దాచుకుంది.